ఏకాగ్రతా లోపానికి మందు: మోతాదు మార్చేటప్పుడు

బళ్లారి జిల్లా సిరిగేరి వంటి ఊళ్ల నుండి నగరానికి వచ్చి, ఏ.డి.హెచ్.డి. (ఏకాగ్రతా లోపం, అతి చురుకుదనం) ఉన్న బిడ్డకు ప్రైవేటు వైద్యం చేయిస్తున్న కుటుంబాలు గమనించవలసిన విషయమిది. ఈ మందుకు సరైన మోతాదు మొదటి చీటీలోనే తేలదు.

మిథైల్‌ఫెనిడేట్‌ను సాధారణంగా రోజుకు 5 లేక 10 మిల్లీగ్రాములతో ఆరంభించి, వారం వారం ఫలితం చూసి పెంచుతారు. ఆకలి, నిద్ర, బరువు, నాడి, రక్తపోటు, బడిలో ఉపాధ్యాయుల మాట: ఇవన్నీ ఆ నిర్ణయానికి ఆధారాలు. అటమోక్సెటిన్ తీరు వేరు. దాని పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. పదో రోజునే మానిపించడం తొందరపాటు. ఫీజు మిగులుతుందని తల్లిదండ్రులే మోతాదు మార్చడం అంతకన్న ప్రమాదకరం. దీర్ఘకాలం పనిచేసే మాత్రలను నలపకూడదు, నమలకూడదు.

అసలు చిక్కు ఊరు మారినప్పుడు వస్తుంది. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు ప్రతులుగా ఉండాలి. ఒకదానిని దుకాణం రెండేళ్లు భద్రపరచాలి. ఈ షెడ్యూలు మందులను ఫోనులో రాయడాన్ని 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు నిషేధించాయి. కనుక వరికోతలకు సిరిగేరి వెళ్లాక మందు అయిపోతే, నగరంలోని డాక్టరుకు ఫోను చేసి ప్రయోజనం లేదు. బయలుదేరే ముందే ఆయనను నేరుగా కలిసి, ఇంతవరకు ఇచ్చిన మోతాదులు, వాటి ఫలితాలు రాయించుకోవాలి. వైద్య నమోదులను కోరితే 72 గంటల్లోగా ఇవ్వాలన్నది వైద్యుల నియమావళి. సందేహాలకు టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోను, కన్నడంలోను ఉచితంగా సలహా లభిస్తుంది.