కడియపులంక యువకుల మొక్కల వ్యాపారము

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువనీరు పారినది మొదలు వరికి పుట్టినిల్లుగా పేరొందిన గోదావరి డెల్టాలో, రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియము, కడియపులంక గ్రామములు మాత్రము మొక్కల పెంపకముచే దేశమందంతట ప్రసిద్ధికెక్కినవి. పల్ల వెంకన్నగారివంటి పెద్దలు వృద్ధిపరచిన ఈ నర్సరీ వృత్తిని నేటి యువకులు, ఫోనులో మొక్కల చిత్రములు చూపి దూరరాష్ట్రములకు లారీలలో పంపుచు, విస్తృత వాణిజ్యముగా నడపుచున్నారు. అయినను దీని ప్రాణమంతయు అంటుకట్టువాని చేతిలోనే యున్నదని నా దృఢవిశ్వాసము: మేలుజాతి మామిడికొమ్మను టెంకనుండి మొలచిన మొక్క కాండమునకు అతికి, గట్టిగా చుట్టి, ఆ రెండును ఏకమగువరకు తడియారకుండ కాపాడవలెను. తొలకరికి పెరుగు గిరాకి వేసవిలో తగ్గినను నీరు, కూలి వ్యయములు ఆగవు గనుక, పెట్టుబడి లేని యువకునకు తొలి సంవత్సరములు దాటుటయే మిక్కిలి కష్టము.