చిన్న సర్టిఫికెట్‌కు అసలు పరీక్ష

కొన్ని వారాల కోర్సులకు డిగ్రీ పట్టా పక్కన చోటు దొరికింది. ఉద్యోగం ఇప్పించేది ఆ కాగితమా, దాని వెనక జరిగిన పరీక్షా?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర దిగి ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు నడిస్తే తలెత్తిన ప్రతిచోటా కోర్సుల బోర్డులే. ఒకప్పుడు అక్కడ మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ రాజ్యమేలాయి. తర్వాత జావా, ఒరాకిల్, శాప్ వచ్చాయి. ఇప్పుడు క్లౌడ్, డెవాప్స్, డేటా సైన్స్, ఏఐ. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో బీటెక్ పట్టా పట్టుకొని వచ్చిన పిల్లలు హాస్టల్ గదుల్లో నలుగురేసి సర్దుకొని, రెండు మూడు నెలల్లో ఒక పని నేర్చుకొని ఇంటర్వ్యూలకు వెళ్తారు. భారతీయ ఐటీ ఉద్యోగుల వలసల మీద షియాంగ్ బియావో రాయగా 2007లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన పుస్తకంలోనూ అమీర్‌పేట కనిపిస్తుంది.

డిగ్రీ ఒకచోట, పని నేర్చుకునేది మరోచోట. ఈ పద్ధతి తెలుగు ఇళ్లకు అలవాటై పాతికేళ్లు దాటింది. కన్నవాళ్లు రెండుసార్లు ఫీజు కట్టారు. ఇప్పుడు ఆ రెండో చదువును విశ్వవిద్యాలయాలే తమ లెక్కలోకి తీసుకుంటున్నాయి. దీనికి ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చిన పేరు మైక్రోక్రెడెన్షియల్. ఒకటే నైపుణ్యం, కొన్ని వారాల చదువు, చివర పరీక్ష, నెగ్గినవారికి ధ్రువపత్రం. న్యూజిలాండ్ 2018లోనే వీటిని తన అధికారిక అర్హతల వ్యవస్థలో చేర్చుకుంది. ఐరోపా సమాఖ్య 2022 జూన్‌లో సభ్యదేశాలన్నిటికీ ఉమ్మడి నిర్వచనం ఇచ్చింది.

మన దగ్గర ఈ దారి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’తో తెరుచుకుంది. ఆ వేదికలో చదివిన కోర్సుల నుంచి డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో 20 శాతం దాకా తీసుకోవచ్చని యూజీసీ 2016లో చెప్పింది. 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను దాచిపెట్టే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అదే ఏడాది మొదలైంది. బీటెక్‌కు 160 క్రెడిట్లు చాలన్న ఏఐసీటీఈ, ఇంకో ఇరవై దాకా అదనంగా సంపాదించినవారికి ఆనర్స్ లేదా మైనర్ డిగ్రీ ఇవ్వచ్చంది. ఆ అదనపు క్రెడిట్లు ఆన్‌లైన్ కోర్సులతో తెచ్చుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకొని రెండు వేలకు పైగా కోర్సులను విద్యార్థులకు ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది.

తలుపులైతే చాలానే తెరుచుకున్నాయి. లోపలికి వెళ్లిన పిల్లలకు ఏం దొరుకుతోందన్నదే నన్ను వేధిస్తున్న ప్రశ్న.

పరీక్ష హాల్లో కూర్చుంటేనే

దీనికి నాకు కనిపించే మంచి జవాబు ఎన్‌పీటీఈఎల్. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో దీన్ని మొదలుపెట్టాయి. మొదట్లో వీడియో పాఠాలే. 2014 నుంచి సర్టిఫికెట్లు ఇస్తున్నారు. కోర్సులు నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలవి. చేరడానికి, పాఠాలు వినడానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం వెయ్యి రూపాయల ఫీజు కట్టి, హాల్‌టికెట్ తీసుకొని, కేటాయించిన కేంద్రానికి వెళ్లి, ఇన్విజిలేటర్ ముందు కూర్చొని పరీక్ష రాయాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఫీజులో సగం రాయితీ.

మార్కుల లెక్కలోనే దీని బలమంతా ఉంది. వారం వారం చేసే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, హాల్లో రాసే పరీక్షకు 75. అసైన్‌మెంట్ల జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో తిరుగుతుంటాయని కాలేజీల్లో అందరికీ తెలుసు. వాటిని చూసి రాసినవాడు పాతిక మార్కులూ తెచ్చుకోవచ్చు. కానీ పరీక్షలో 75కు కనీసం 30 రాకపోతే సర్టిఫికెట్ రాదు. ఆ 30 మార్కుల గీత దగ్గరే చదివినవాడు, చదవనివాడు విడిపోతారు. 90 దాటితే ‘ఎలైట్ ప్లస్ గోల్డ్’ అని ముద్ర పడుతుంది. పేరున్న కాలేజీలో సీటు రాని అమ్మాయికి ఆ ముద్ర ఎంత ఆసరాయో ఆలోచించండి. ఐఐటీ ప్రొఫెసర్ తయారుచేసిన ప్రశ్నపత్రం ముందు ఆమె, ఐఐటీ క్యాంపస్ కుర్రాడు సమానమవుతారు. మన పరీక్షల వ్యవస్థలో అలాంటి చోట్లు తక్కువ.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సుదీ ఇదే పద్ధతి. జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. క్వాలిఫయర్ గట్టెక్కితే చేరవచ్చు. ఫౌండేషన్, డిప్లొమా, డిగ్రీ అంటూ మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర ఆగినా చేతిలో ఆ మేరకు గుర్తింపు ఉంటుంది. పాఠాలు ఆన్‌లైన్‌లోనే, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి.

ఇంకో రకం సర్టిఫికెట్లూ ఉన్నాయి. వీడియోను పరుగెత్తించి, చివర పది ప్రశ్నలకు ఎన్నిసార్లయినా జవాబులు మార్చి నొక్కితే వచ్చేవి. సెమిస్టర్‌కు ఇన్ని తేవాలని కాలేజీ లక్ష్యం పెడితే పిల్లలు ఇవే తెస్తారు. పిల్లల్ని తప్పుపట్టను. అడిగింది సంఖ్య, వాళ్లు ఇచ్చిందీ సంఖ్యే. వాళ్ల మూడో ఏడాది చదువులో కొన్ని వారాలు దానికింద కొట్టుకుపోయాయన్నదే నా బాధ.

కంపెనీ ఏం చూస్తుంది?

ఇక్కడ తల్లిదండ్రులకు నిజం చెప్పాలి. ‘డిగ్రీ అవసరం లేదు, నైపుణ్యం చాలు’ అన్న మాట అమెరికాలో గట్టిగా వినిపించింది. మేరీలాండ్ రాష్ట్రం 2022లో వేల ప్రభుత్వ కొలువులకు డిగ్రీ నిబంధన ఎత్తేసింది. పెద్ద కంపెనీలూ అలాంటి ప్రకటనలే చేశాయి. ఆ మాట ఎంతవరకు నిలబడిందో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి లెక్క తీశాయి. 2024లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం, ఈ మార్పు వల్ల డిగ్రీ లేనివారికి కొత్తగా దక్కిన అవకాశం అంతకుముందు ఏడాది నియామకాల్లో 700కు ఒకటి కూడా లేదు.

మన క్యాంపస్ డ్రైవ్‌లలో అయితే తొలి జల్లెడ ఇప్పటికీ పదో తరగతి నుంచి అరవై శాతం, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదన్నదే. ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఆ జల్లెడ దాటించదు. దాటిన తర్వాత పనికొస్తుంది, అదీ ఇంటర్వ్యూలో ‘దీంతో ఏం చేశావ్?’ అని అడిగినప్పుడు చూపించడానికి ఏదైనా ఉంటేనే. క్లౌడ్ కోర్సు చేసినవాడు చిన్న వెబ్‌సైట్‌నైనా తానే సర్వర్ మీద పెట్టి, అది ఆగిపోతే ఎందుకు ఆగిందో వెతికి ఉండాలి. డంప్స్ బట్టీపట్టి పాసైనవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు.

ఉద్యోగంలో ఉన్నవారి సంగతి వేరు. క్లౌడ్ సర్టిఫికెట్లకు గడువుంటుంది. ఏడబ్ల్యూఎస్‌వి మూడేళ్లకు, మైక్రోసాఫ్ట్‌వి చాలావరకు ఏడాదికే పునరుద్ధరించుకోవాలి. హైటెక్ సిటీలోనైనా డాలస్‌లోనైనా నలభై దాటిన తెలుగు ఇంజినీర్లు ఆదివారాలు పుస్తకం ముందు కూర్చుంటున్నది అందుకే. పదేళ్ల అనుభవం ఉన్నవారు కొత్త పరికరం నేర్చుకున్నామని చూపడానికి చిన్న సర్టిఫికెట్‌ను మించింది లేదు. చేతిలో పని ఉన్నవారికే అది ఎక్కువ ఉపయోగపడుతోందన్న మాట కష్టంగా ఉన్నా ఒప్పుకోవాలి.

మధ్యలో ఆగిన చదువు

నాకు ఎక్కువ ఆశ ఉన్నది మాత్రం ఐటీ మీద కాదు. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయిందని, తండ్రి మంచాన పడ్డాడని, ఫీజు కట్టలేకపోయారని చదువు ఆపేసినవాళ్లు మన ఊళ్లలో ఎందరో. ఇన్నాళ్లూ వాళ్లను ‘డిగ్రీ ఫెయిల్’ అనేవాళ్లం. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఏడాది చదివితే సర్టిఫికెట్, రెండేళ్లు చదివితే డిప్లొమా ఇచ్చే వీలుంది. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంకులో ఏడేళ్ల దాకా చెల్లుతాయి. పెళ్లితో చదువు ఆపేసిన అమ్మాయి ఆ ఏడేళ్లలో బిడ్డను పెంచుకుంటూనే ఇంటి దగ్గర నుంచి ఒక అకౌంటింగ్ కోర్సో, పోషకాహారం మీద కోర్సో పూర్తి చేసి అందులో కలుపుకోవచ్చు.

కాగితం మీద ఇది బాగుంది. జరగాలంటే, పరీక్షా కేంద్రం ఆమె పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరేంత దగ్గరలో ఉండాలి. పాఠం తెలుగులో ఉండాలి. ఎన్‌పీటీఈఎల్ కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు చేసింది, ఇంకా చాలా కావాలి. అన్నిటికన్నా ముందు, మెట్టినిల్లున్న పట్టణంలోని డిగ్రీ కాలేజీకి ఆమె వెళ్తే, ‘మా సిలబస్ వేరమ్మా’ అని వెనక్కి పంపకుండా ఆ క్రెడిట్లను ఒప్పుకొని మూడో ఏడాదిలో చేర్చుకోవాలి.