కన్యాశుల్కం – కాలనేపథ్యం

నాటకాన్ని చూచి ఆనందించడం ఒక యెత్తు. అది పుట్టిన కాలాన్ని చర్చించి గ్రహించడం మరొక యెత్తు. వరునివద్ద ధనం పుచ్చుకొని కన్యనిచ్చే దురాచారంపై గురజాడ అప్పారావు రచించిన ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ముదుసలి లుబ్ధావధాన్లు పెళ్లియత్నానికి నేటి ప్రేక్షకులు నవ్వుతారు. ఆ నవ్వు వెనుక ఒక లెక్క ఉంది. ఆనందగజపతి మహారాజు తయారు చేయించిన పట్టిక ప్రకారం, నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 శుల్కవివాహాలు జరిగాయి. వధువులలో 99 మంది ఐదేళ్ల బాలికలు. ముగ్గురు ఏడాది పసికందులు. సొమ్ము తీసుకొన్నట్లు ఒప్పుకొనడానికి జనులు జంకినందున ఈ లెక్క సమగ్రం కాదని గురజాడ పీఠికలో తెలిపారు. పార్వతీపురం కూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. ప్రదర్శన ముగిసిన పిదప ఇక్కడి ప్రేక్షకులు ఆ పసిపిల్లలను గూర్చి చర్చిస్తే, హాస్యం చాటున ఉన్న వేదన బోధపడుతుంది.