పరదేశపు గృహములో తొలిదినములు

మా పాఠశాల పదవ తరగతి విద్యార్థిని యొకతె, అమెరికాదేశములో నొక కుటుంబమువారి యింట నుండి, ఒక విద్యాసంవత్సరము అచ్చటి పాఠశాలలో చదువుటకై యీ యేడు ఎన్నికయైనది. ఈ వార్త తెలిసిన వారములోనే యామె తలిదండ్రులు మా యొద్దకు వచ్చిరి. తండ్రి ప్రయాణమును గూర్చియు, పత్రములను గూర్చియు అడిగెను. తల్లి చాలసేపు మిన్నకుండి, తుదకు, "మాష్టరుగారూ, ఎన్నడును చూడనివారి యింట నా బిడ్డ యాకలియైనచో ఎవరి నడుగును?" అనెను. తండ్రి యడిగిన వానికన్నిటికి మేము వెంటనే యుత్తర మిచ్చితిమి. తల్లి ప్రశ్నకు మాత్ర మానాడు చక్కగా చెప్పలేకపోతిమి. అందువలన నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ముందు ముందు మరికొందరు పిల్లలకును, వారి పెద్దలకును ఇవి పనికివచ్చునని మా తలంపు.

విద్యార్థులను పరదేశగృహములకు బంపు పద్ధతి నేడు క్రొత్తగా పుట్టినది కాదు. మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సుదేశములో క్షతగాత్రులను బండ్లపై చేరవేసిన అమెరికా స్వచ్ఛందసేవకుల సంఘ మొకటి కలదు. దానిని ఏ.ఎఫ్.ఎస్. అందురు. రెండవ యుద్ధమందును ఆ పనియే చేసి, అది ముగిసిన పిమ్మట, ఒకరి నొకరు చంపుకొనిన జాతుల బిడ్డలు ఒక బల్లయొద్ద భుజించినగాని శాంతి నిలువదని తలంచి, ఆ సంఘమువారు 1947 లో 10 దేశములనుండి సుమారు 50 మంది విద్యార్థులను అమెరికా గృహములకు రప్పించిరి. నేడు పలు దేశములలో పలు సంఘము లీ పని చేయుచున్నవి. అయినను మన దేశపు బాలురు పరుల యిండ్లలో నుండి చదివిన కథ అంతకంటె చాల పూర్వముది. అందులో గాంధీగారి కథ యీ తల్లి ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా నున్నది.

గాంధీగారు 1888 సెప్టెంబరు 4 న బొంబాయిలో ఓడ యెక్కి, ఆ నెలాఖరునకు ఇంగ్లండు చేరిరి. అప్పటి కాయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు. మాంసము ముట్టనని తల్లికి మాట యిచ్చి బయలుదేరిరి. మొదటి రాత్రులలో ఇల్లు తలంపునకు వచ్చి కన్నీరు కారుచుండెననియు, ఆ దుఃఖము నెవరితోను చెప్పుకొనుటకు వీలు లేకపోయెననియు ఆయనయే తమ ఆత్మకథలో వ్రాసికొనిరి. ప్రాణజీవన మెహతాగారను మిత్రుడు వచ్చి చూచి, ఈ దేశమునకు వచ్చుట చదువుకొరకు మాత్రమే కాదు, ఇచ్చటి జీవనము నెరుగుటకు గూడ గనుక ఒక కుటుంబములో చేరవలెనని చెప్పెను. కొంతకాలము రిచ్‌మండులో నొక స్నేహితుని యొద్ద నుండి, తరువాత పశ్చిమ కెన్సింగ్టనులో నొక విధవరాలి యింట ప్రవేశించిరి. ఆమెయు మన దేశములో నివసించి వెళ్లినదే. మంచి మనస్సు గలది. ఆమెకు ఇద్దరు కుమార్తెలు.

ఆ యింట ఆయన పడిన బాధ యాకలి. ఉడికించిన కూరలకు ఉప్పుకారములు లేవు. బల్లపై పెట్టినదానికంటె అధికముగా నడుగుటకు ఆయనకు సిగ్గు. ఆ బాలికలు బ్రతిమాలి మరియొకటి రెండు రొట్టెముక్కలు వేయుచుండెడివారు. రొట్టె మొత్తము పెట్టినగాని తన కడుపు నిండదని వారికేమి తెలియునని ఆయన తరువాత వ్రాసిరి. ఆ యింట రొట్టెకు కరవు లేదు, వడ్డించువారికి ప్రేమ కొరతపడలేదు. అయినను ఒక విద్యార్థి దినములకొలది అరకడుపుతో లేచెను. ఫారింగ్‌డను వీథిలో శాకాహార భోజనశాల కనబడువరకు, దినమునకు పదిపండ్రెండు మైళ్లు నడచుచు, ఆయన యిట్లే గడపిరి.

దీనికి కారణ మేమి? మన భాషలో దానికి చక్కని మాట యున్నది: మొగమాటము. మన యింటికి వచ్చిన యతిథి మొదట "వద్దండి" యనవలెను. మనము మరల వడ్డింపబోవలెను. అతడు విస్తరిపై చేయి యడ్డము పెట్టవలెను. అప్పుడు గృహిణి "ఇంత తక్కువ తిన్న నెట్లు?" అని చేతిసందులోనుండి వేయవలెను. ఇరువురికిని ఆట తెలియును గనుక ఎవరును ఆకలితో లేవరు. అమెరికాలోను, ఇంగ్లండులోను ఈ యాట లేదు. వారు ఒకసారి "మరికొంత కావలెనా?" అని యడుగుదురు. "వద్దు" అన్నచో గిన్నె ముందునకు సాగిపోవును. మనవారు దీనిని చూచి, "ప్రేమలేని మనుష్యులు, రెండవమారు అడుగనైన అడుగలేదు" అని యిండ్లకు వ్రాయుదురు. ఆ గృహిణి తలంపు వేరు. ఒకరు వద్దన్న పిదప బలవంతపెట్టుట వారి మాటను నమ్మకపోవుట యని ఆమె భావము. అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత చెప్పుకొనునది మనమే. నోరు తెరచి యడుగలేనిదియు మనమే. ఇది మాకు వింతగా తోచును.

కనుక పరదేశమునకు బోవు పిల్లలు, సామానులు సర్దుకొనుటకు ముందు, ఈ యొక్క విద్య నభ్యసింపవలెనని మా యభిప్రాయము. ఆకలి యైనచో "నాకు ఆకలిగా నున్నది" యనవలెను. మొదటిమారు వద్దని చెప్పి తరువాత కావలసి వచ్చినచో, "ఇప్పుడు తీసికొనవచ్చునా?" అని యడుగుటలో చిన్నతన మేమియు లేదు. అనేక గృహములలో మొదటి దినముననే ఫ్రిజు చూపించి, "నీ యింటిలోవలె తీసికొనుము" అని చెప్పుదురు. అది పైకి చెప్పు మాట కాదు, నిజముగా అనుమతి. మా పూర్వవిద్యార్థి యొకడు ఆ మాట విని యుండియు, పరుల ఫ్రిజు తలుపు తానై తెరచుట దొంగతనమువలె తోచి, మూడు రాత్రులు నీళ్లు త్రాగి పండుకొనెనట. నాలుగవనాడు ఆ యింటి చిన్నపిల్లవాడు చేయి పట్టుకొని తీసికొనిపోయి తలుపు తెరపించెనని చెప్పి నవ్వెను. వాడు నవ్వెనుగాని మాకు నవ్వు రాలేదు.

మొదటి రాత్రుల నిద్రను గూర్చి యొక సంగతి తెలిసికొనవలెను. మనకు ఉదయము తొమ్మిదిన్నర గంటలైనపుడు, ఆగష్టు మాసమున, న్యూయార్కులో అర్ధరాత్రము. విమానము ఒక్క దినములో మనుష్యుని చేర్చును గాని, వాని దేహములోని గడియారము ఆ వేగముతో మారదు. దినమునకు సుమారు ఒక గంట చొప్పున అది సర్దుకొనును. అందుచేత మొదటి వారమున రాత్రి రెండుగంటలకు మెలకువ వచ్చుట, మధ్యాహ్నము తరగతిలో తూగుట సహజము. చీకటిలో ఒంటరిగా మేల్కొనిన బిడ్డకు ఇల్లు జ్ఞాపకము వచ్చి, "నేనిచ్చటికి వచ్చుటయే తప్పు" అని తోచును. ఆ తలంపులో కొంతభాగ మలసటయే. పగటివెలుతురులో తిరిగి, రాత్రివరకు మేల్కొని యున్నచో పది దినములలో చాలవరకు తీరును. ఓడలో వారములకొలది పోయిన గాంధీగారి కీ బాధ లేదు. అయినను ఆయనయు ఏడ్చిరి.

ఇక ఇంటిలోని చిన్న పనులు. స్నానపుగదిలో మనవలె నేలపై నీళ్లు పోసికొనరాదు. నేలకు తూము ఉండదు. పలుచోట్ల కొయ్యయే పరచియుందురు. తొట్టిలో నిలిచి, తెరను తొట్టిలోపలికి వేసికొని స్నానము చేయవలెను. తెర బయట నుండిపోయినచో నీరు క్రింది యంతస్తు కప్పులోనికి దిగును. ఈ యొక్క మాట ముందుగా నెవరైన చెప్పియుండిన బాగుండెడిదని తిరిగివచ్చినవారు తరచుగా అందురు. చాల యిండ్లలో పనివారుండరు. తండ్రి పాత్రలు కడుగును, పదేండ్ల పిల్లవాడు చెత్త బయట పెట్టును. అతిథిగా వచ్చిన విద్యార్థికిని ఒక పని యప్పగింతురు. దాని నవమానముగా భావింపక, ఇంటివారిలో నొకనిగా లెక్కించిన గురుతుగా దీసికొనవలెను. పెద్దవారిని పేరు పెట్టి పిలువుమన్నపుడు మన పిల్లల నాలుక తిరుగదు. అత్తయ్యా, బాబాయీ యను వరుసలు లేనిచోట, "మిమ్ము నేమని పిలువవలెను?" అని మొదటి పూటనే యడిగి తెలిసికొనుట మేలు. మా విద్యార్థులలో కొందరు, అమెరికనులందరును ఆదివారము తప్పక దేవాలయమునకు బోవుదురని తలంచి వెళ్లుదురు. పోవు కుటుంబములును కలవు, పోనివియును కలవు.

భయము ఒకవైపుననే యుండదు. 1878 లో ఇంగ్లండు వెళ్లిన రవీంద్రనాథ ఠాకూరుగారు, లండనులో స్కాటు అను వైద్యుని యింట నివసించిరి. అప్పుడాయనకు పదునేడేండ్లు. ఒక హిందూదేశస్థుడు తమ యింటికి వచ్చుచున్నాడని విని, ఆ వైద్యుని చిన్న కుమార్తె లిద్దరు భయపడి బంధువుల యింటికి బోయిరట. ఈ యువకునివలన ప్రమాదము లేదని తెలిసిన తరువాతనే తిరిగివచ్చిరని ఆయన హాస్యముగా వ్రాసిరి. కొలదిమాసములకు ఆయన ఆ యింటి బిడ్డవంటివాడాయెను. సెలవు తీసికొనునపుడు ఆ గృహిణి, ఇంత త్వరగా పోవలసినవాడవు అసలేల వచ్చితివని కన్నీరు పెట్టుకొనెను.

అన్ని యిండ్లును ఇట్టివి కావు. ఠాకూరుగారే అంతకు ముందు బార్కరను నొక యుపాధ్యాయుని యింట నుండిరి. అతడు భార్యను నొప్పించుటకై యామె పెంపుడుకుక్కను కొట్టుచుండెడివాడు. అట్టి యింట నెవరైన సుఖముగా నుందురా? నేడు అమెరికా ప్రభుత్వమువారు, ఇట్లు వచ్చు ఉన్నతపాఠశాల విద్యార్థుల విషయమున కొన్ని నిబంధనలు చేసిరి. ఇంటిలోని పెద్దల పూర్వచరిత్రను విచారింపవలెను. విద్యార్థికి ప్రత్యేకముగా మంచ ముండవలెను. సంఘమువారి స్థానిక ప్రతినిధి నెలకొకసారియైన విద్యార్థితో మాటలాడవలెను. ఈ ప్రతినిధి ఫోను సంఖ్యను బిడ్డయు, తలిదండ్రులును వ్రాసి యుంచుకొనవలెను. కూర నచ్చకపోవుట వేరు, భయము కలుగుట వేరు. ఎవరివలననైన భయము కలిగినపుడు మొగమాటము, కృతజ్ఞత యని యూరకుండరాదు. ఆ దినముననే చెప్పవలెను. ఇల్లు మార్పించుకొనుట నేరము కాదు.

తలిదండ్రులకు ఒక మనవి. ఫోనులో మన మొదటి ప్రశ్న "అన్నము తింటివా?" అన్నదే. ఆ ప్రశ్నతోనే బిడ్డ కంఠము గద్గదమగును. దానికి బదులు, "ఈ దిన మెవరితో మాటలాడితివి?" అని యడిగిచూడుడు. దినమునకు మూడుమారులు పిలిచినచో, బిడ్డ దేహమక్కడ, మనస్సిక్కడ నుండును.

వీలైనచో పరిచయము ప్రయాణమునకు ముందే కలుగవలెను. 1883 లో వైద్యవిద్యకై అమెరికా వెళ్లిన ఆనందీబాయి జోషిగారికి, న్యూజెర్సీలోని రోజెల్లు గ్రామమున కార్పెంటరను గృహిణి యాతిథ్య మిచ్చెను. ఆనందీబాయి భర్త వ్రాసిన లేఖను ఒక మిషను పత్రికలో చదివి, ఆమెయే మొదట ఉత్తరము వ్రాసినది. ఇరువురును సుమారు మూడు సంవత్సరములు ఉత్తరములు వ్రాసికొనిరి. పదునెనిమిదేండ్ల యానందీబాయి ఓడ దిగునప్పటికి, ఎదురువచ్చినది పరాయి స్త్రీ కాదు.

ఈ కథ చెప్పి, మా విద్యార్థినిచేత ఆ కుటుంబమునకు ఉత్తరము వ్రాయించితిమి. వారివద్దనుండి ప్రత్యుత్తరము వచ్చినది. తమ యింట రెండు పెద్ద కుక్కలున్నవనియు, అవి యందరి పడకలపైకి ప్రేమతో ఎక్కుననియు వ్రాసిరి. ఆ పిల్లకు చిన్ననాటినుండి కుక్కలన్న భయము. "కుక్కలు నాకిష్టమే" యని వ్రాసిన చిత్తుప్రతిని మాకు చూపెను. మేము దానిని తిరిగి యామె చేతికిచ్చి, ఉన్నమాట వ్రాయుమంటిమి. రెండు దినములు సంకోచించి, "నాకు కుక్కలన్న భయము, అయినను అలవాటు చేసికొనుటకు ప్రయత్నించెదను" అని వ్రాసి పంపెను. అవి రాత్రులు క్రింది గదిలోనే యుండుననియు, ఆమె తలుపు మూసికొనవచ్చుననియు మొన్న వారి యుత్తరము వచ్చినది. తల్లి దానిని మాచేత రెండుమారులు చదివించుకొని విన్నది.