చెరువుగట్టు మీది చిత్రసాధన

మాదాపూరునందు 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ వెలసినది మొదలు హైదరాబాదు నగరము పడమటికిని వాయవ్యమునకును పెరుగుచు, కూకట్‌పల్లిని దాటి, జె.ఎన్.టి.యు. కూడలినుండి ఉత్తరముగా పోవు దారివెంట నున్న పల్లెల నొక్కొక్కదానిని తనలో కలుపుకొనుచు వచ్చినది. ఆ పల్లెలలో నిజాంపేట యొకటి. చెలకలును, చెరువులును, రాతిగుండ్లును ఉండిన చోట నేడు అపార్టుమెంట్లు బారులు తీరినవి. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కూడి అది నగరపాలక సంస్థ స్థాయికి గూడ ఎదిగినది. ఇచ్చటి నివాసులలో అనేకులు హైటెక్ సిటీలోను గచ్చిబౌలిలోను కంప్యూటరు తెరల ముందు పగళ్లను, అమెరికా వేళలను బట్టి రాత్రులను గూడ గడపువారు. వారి యిండ్లలో మంచి కెమెరాలకు కొదువ లేదు. అయితే ఆ కెమెరాలలో పెక్కు, బిడ్డ పుట్టినరోజునకును తిరుపతి ప్రయాణమునకును తప్ప, బీరువా దాటి యెరుగవు.

దాటిన కొన్నిటిని గూర్చియే యీ వ్యాసము. ఆదివారము తెల్లవారకముందే లేచి, ఫ్లాస్కులో టీ పోసికొని, అమీన్‌పూర్ చెరువునకో ప్రగతినగర్ చెరువునకో బయలుదేరు ఔత్సాహికులు ఇటీవల కనబడుచున్నారు. వీరిలో కొందరు రెండు మూడేండ్లకే చూడదగిన చిత్రములు తీయుచుండగా, అంతకంటె విలువైన పరికరములు గల మరికొందరు ఎన్ని అభయారణ్యములు తిరిగినను మొదటి మెట్టుననే నిలిచియుండుట విచిత్రముగా తోచవచ్చును. విచిత్రము కాదు. మొదటివారు ప్రయోగము చేయుచున్నారు. రెండవవారు కేవలము తీయుచున్నారు. మీట నొక్కిన ప్రతి నొక్కుడును ప్రయోగము కానేరదు. ఒక్క అంశమును మార్చి, తక్కినవాటి నన్నిటిని కదలనీయక నిలిపి, ఫలితమును పోల్చి చూచినప్పుడే అది ప్రయోగమగును. అట్టి పోలికకు ఎక్కడనో నున్న అడవికంటె, వారము వారము పోయి చూడగల యింటిప్రక్క చెరువే అనువైనది.

ఉద్యోగము చేసికొనుచు ఈ విద్యను అభ్యసించుట మన నగర చరిత్రకు క్రొత్తది కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున ఛాయాగ్రాహకుడై, 1894లో రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్ అను బిరుదము నందిన లాలా దీన్‌దయాళ్ మొదట ఇంజనీరింగు విద్యార్థి. మీరట్ సమీపమున సర్ధనాలో 1844లో జన్మించి, రూర్కీలోని థామసన్ కళాశాలలో చదివి, 1866లో ఇండోరునందు ప్రజాపనుల శాఖలో అంచనాలు వేయుటకును నక్షాలు గీయుటకును కుదిరిన యాయన, 1870వ దశాబ్ది నడుమ కెమెరాను చేపట్టి, పగటి కొలువు విడువకయే చాలకాలము ఆ విద్యలో కృషిచేసి, మధ్యభారత కట్టడములను తీయుచు తీయుచు నిపుణుడైన పిమ్మటనే హైదరాబాదునకు వచ్చి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టెను. గోడల నిలువును, కమానుల వంపును కొలిచిన చేతికి చిత్రమునందలి చతుర్భుజమును సమతూకముగా నింపుట సహజముగా అబ్బినదని ఆయన తీసిన కోటల, రాజభవనముల చిత్రములను చూచినవారు గ్రహింపగలరు. నేటి సాఫ్ట్‌వేరు ఉద్యోగికిని అట్టి పూర్వసంపద ఒకటి కలదు: ప్రోగ్రాములో తప్పు వెదకునప్పుడు ఒకేసారి పది మార్పులు చేయరాదని అతనికి తెలియును. ఆ క్రమశిక్షణను కొలువు గడపలోనే వదలివచ్చుటయే అతని లోపము.

దీన్‌దయాళ్ నేర్చుకొన్న దినములలో వాడుకనుండిన తడిపలకల పద్ధతిలో గాజుపలకకు కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణములో ముంచి, తడి ఆరకముందే చిత్రము తీసి, అప్పటికప్పుడే చీకటి గుడారములో కడిగి తేర్చవలసియుండెను. ఒక్కొక్క చిత్రమునకు అంత శ్రమ పడువాడు తీయకముందే ఆలోచించును. తరువాత వచ్చిన ఫిల్ముచుట్టలో ముప్పదియారు చిత్రములు. నేటి కెమెరా రెండు మూడు సెకనులలోనే అన్ని తీయగలదు. ఈ చవుకదనము వలన ఆలోచన సన్నగిల్లినదనుట సత్యమే గాని, దానితోపాటు వచ్చిన మేలొకటి మరువరాదు. షట్టరు వేగ మెంత, అపెర్చరు ఎంత, ఐఎస్ఓ ఎంత, ఏ లెన్సు, ఏ గంట, ఏ నిమిషము అను సమస్త వివరమును కెమెరా తానే ప్రతి చిత్రమునకును జతపరచి దాచును. పాతతరము వారు నోటుపుస్తకమున వ్రాసికొన్న లెక్కయంతయు ఇప్పుడు అడుగకయే లభించుచున్నది. దానిని తెరచి చూచువారే అరుదు.

పై వివరములలో మొదటి మూడింటిని చూతము: షట్టరు వెలుగు లోనికి వచ్చు కాలమును, అపెర్చరు వచ్చు ద్వారపు వెడల్పును, ఐఎస్ఓ వచ్చిన వెలుగునకు కెమెరా చూపు స్పందనను నిర్ణయించును. సెకనులో 500వ వంతునుండి 1000వ వంతునకు పోయినచో వెలుగు సగమగును; అపెర్చరు ఎఫ్/8 నుండి ఎఫ్/5.6కు వచ్చినచో తిరిగి రెట్టింపై లెక్క సరిపోవును. ఇంతవరకు అంకగణితము. చిత్రము యొక్క గుణము మాత్రము ఆ రెండు సందర్భములలో ఒకటి కాదు: మొదటిదానిలో కదలు రెక్క చెదరవచ్చును, రెండవదానిలో రెక్క నిలిచి, వెనుకనున్న తుంగ మసకబారును. ఏది కావలెనో కెమెరా చెప్పదు.

ఇక ఈ వెలుగు లెక్కలో కెమెరా ఎట్లు పొరబడునో చూపు తెల్లకొంగ విషయమునకు వత్తము. అమీన్‌పూరునందు ప్రారంభకునకు దానిని మించిన గురువు లేడని నా అభిప్రాయము. నల్లని నీటినడుమ దూరముగా నిలిచిన కొంగను తీసినప్పుడు దాని యీకలన్నియు కరగి ఒక తెల్లని మచ్చయై తేలును. అదే కొంగ గట్టునకు దగ్గరగా వచ్చి చిత్రమంతయు నిండినప్పుడు, పాలవంటి తెలుపు పోయి బూడిదరంగు తిరుగును. పక్షి యొకటే, ఎండ యొకటే, కెమెరా యొకటే. దోషములు మాత్రము పరస్పర విరుద్ధములు. కారణమేమనగా, కెమెరాలోని వెలుగుమాపకము తాను చూచుచున్నది కొంగయో నీరో ఎరుగదు. ఎదుటనున్నది సగటున నడిమి బూడిదఛాయ కలదని తలచి లెక్క కట్టును. చిత్రములో నల్లని నీరు ఎక్కువైనచో దానిని బూడిదఛాయకు తేవలెనని వెలుగును పెంచును, ఆ పెంపులో కొంగ తెల్లబోవును. కొంగయే ఎక్కువైనచో దానినే బూడిదఛాయకు దింపును. కావున మొదటి సందర్భమున వెలుగును ఒక మెట్టు తగ్గింపవలెను, రెండవదానిలో ఒక మెట్టు పెంపవలెను. కరెంటుతీగ మీది నల్లని పసులపోలిగాని విషయములో ఇదంతయు తలక్రిందులగును. తెల్ల పక్షికి వెలుగు తగ్గించుమని ఒక పుస్తకమును, పెంచుమని వేరొక పుస్తకమును చెప్పుట చూచి కలవరపడినవాడు, గట్టుమీద ఒక్క ఉదయము దూరపు కొంగను, దగ్గరి కొంగను తీసి పోల్చుకొన్నచో ఆ రెండు పుస్తకములును సత్యమే చెప్పినవని తెలిసికొనును. ఆ తరువాత వానికి పెండ్లిలో తెల్లచీరయైనను, కాలేజీ మైదానమున నల్లకోటైనను సమస్య కాదు.

షట్టరు వేగమును నేర్పునది లకుముకి పిట్ట. నలుపు తెలుపుల లకుముకి నీటిపై ఒకేచోట రెక్కలాడించుచు కొన్ని క్షణములు నిలిచి, తటాలున నిట్టనిలువుగా దిగును. అట్లు నిలిచిన వేళ సెకనులో 250వ వంతున తీసినచో తల స్పష్టముగా వచ్చి రెక్క లీలగా చెదరును. 2000వ వంతున రెక్క గూడ రాయివలె నిలిచిపోవును. రెండవదియే గొప్పదని అంగడివాని వాదము. నాకు పెక్కుమారులు మొదటిదే నచ్చును, ఏలనన ఆ చెదరుటలో పక్షి పడు శ్రమ కనబడుచున్నది. ఇట్టి యిష్టానిష్టములు ఏర్పడుటకే ప్రయోగములు అవసరము.

వెలుగును గూర్చి ఇంగ్లండు, అమెరికా వారి పుస్తకములు నమ్మి చెడినవారు కలరు. సూర్యోదయము తరువాత ఒక గంటకు పైగా బంగారు కాంతి నిలుచునని వారు వ్రాయుదురు. వారి దేశములలో సూర్యుడు ఏటవాలుగా మెల్లగా ఎక్కును గనుక అది నిజమే. పదునేడు అక్షాంశముల చేరువనున్న మనకు సూర్యుడు ఇంచుమించు నిట్టనిలువుగా లేచును. అరగంట, మహా అయిన ముప్పావుగంటలో ఆ పసిమి వెలిసిపోవును. ఏడుగంటలకు లేచి ఎనిమిదింటికి చెరువు చేరువారికి అది దక్కనే దక్కదు. పైగా, వేసవిలో తొమ్మిది దాటిన పిమ్మట నీటిమీది గాలి వేడెక్కి అలలుగా ఆడసాగును. ఆ గాలిలోనుండి దూరపు పక్షిని ఏ లెన్సుతో తీసినను అంచులు కరగినట్లే వచ్చును. లక్షలు పోసి కొన్న లెన్సులో లోపమున్నదని తలచి దుకాణముల చుట్టు తిరుగువారు, అదే లెన్సుతో అదే దూరమును ఆరున్నరకు ఒకసారియు పదింటికి ఒకసారియు తీసి చూచినచో శ్రమ తప్పును.

అమీన్‌పూర్ చెరువు సామాన్యమైనది కాదు. కుతుబ్‌షాహీల కాలము నాటిదని చెప్పుకొను ఈ జలాశయము 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడినది. నగర పరిసరములందలి యొక నీటివనరునకు అట్టి గౌరవము దక్కుట దేశమున అదే ప్రథమము. చుట్టును ఇండ్లు ఒత్తుకొని వచ్చుచున్నను శీతకాలమున బాతులు, కొన్ని యేండ్లలో ఫ్లెమింగోలు గూడ దిగుచున్నవి. పక్షులను చదువుటలో ఈ ప్రాంతమునకు పూర్వచరిత్రయు కలదు: పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930వ దశాబ్ది తొలినాళ్లలో నిజాం రాజ్యమంతట పక్షిసర్వే జరిపెను. 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘముగా పుట్టి నేడు డెక్కన్ బర్డర్స్ అను పేర సాగుచున్న సంస్థయు, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ అను మరియొక బృందమును చెరువులకును అడవులకును విహారములు ఏర్పాటు చేయుచున్నవి. చిత్రము నేర్వదలచినవారు కెమెరావారి గుంపులోకంటె ఈ బైనాక్యులరువారి గుంపులో చేరుట మేలని నా మతము. కెమెరావారు కలిసినచో లెన్సుల ధరలు మాటలాడుకొందురు. పక్షివీక్షకుడు, పక్షి సాధారణముగా గాలికి ఎదురుగా లేచునని చెప్పును. ఆ యొక్క మాట చాలును: గాలి మన వీపు వైపునుండి వీచుచోట నిలిచినవానికి, ఎగురు పక్షి తోక కాక ముఖము చూపును. పాలపిట్ట తాను కూర్చున్న తీగనుండి పురుగు కొరకు దిగి తరచు అదే తీగకు మరలునని తెలిసినవాడు దాని వెంట పరుగెత్తడు. ఆ తీగమీద ఫోకసు నిలిపి వేచియుండును. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా తోచు ఆ పిట్ట రెక్క విప్పినప్పుడు వెలువడు నీలిమ కొరకే కదా ఆ నిరీక్షణ.

పాలపిట్ట మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. తెలంగాణ రాష్ట్రపక్షియైన దానిని దసరానాడు చూచుట శుభమని, పట్టి పంజరములో పెట్టి వీధులవెంట చూపి సొమ్ము తీసికొనువారు కలరు, అది చట్టవిరుద్ధము. ఆ పంజరపు పక్షిని తీసి పొలములో తీసినట్లు చూపుట కళయు కాదు, భక్తియు కాదు. తీతువు విషయమునను ఇట్లే జాగ్రత్త వలయును. ఇల్లు కట్టక వదలిన ప్లాట్లలో, గులకరాళ్ల నడుమ, ఏ గూడును లేక నేలమీదనే గుడ్లు పెట్టును. గుడ్లు రాళ్లలో కలిసిపోవు రంగు కలవి. దగ్గరకు పోయి చిత్రము తీయుచున్నంతసేపు తల్లి ఎగిరి అరచుచుండును. మండుటెండలో గుడ్లకు నీడ ఉండదు, కాకులు చోటు గుర్తుపట్టును. గుడ్ల చిత్రము ఎంత చక్కగా వచ్చునదైనను తీయకుండుటయే ఉత్తమము.

వానకాలము పక్షులకంటె పురుగులకు మంచిది. తొలకరికి బయటపడు ఆరుద్ర పురుగును మాక్రో లెన్సుతో తీయబోయినవారికి రెండు చిక్కులు ఎదురగును. అంత దగ్గరగా స్పష్టత కొలది మిల్లీమీటర్లకు మించి పరచుకొనదు. అపెర్చరును ఎఫ్/11 దాక మూసినను వీపు కుదిరినచో కాళ్లు మసకబారును. రెండవ చిక్కు రంగు. ఆ మఖమలు ఎరుపు కెమెరాలోని ఎరుపు ఛానెలును నిండుకుండ చేసి, నూగు కనబడనీయక ఒకే ముద్దగా చూపును. మొత్తము వెలుగు సరిగానే యున్నదని సూచిక చెప్పుచున్నను ఎరుపు ఒక్కటి పొర్లిపోయియుండును. వెలుగును ఒక మెట్టు తగ్గించి తీసినచో నూగు తిరిగి వచ్చును. దీనిని అనంతగిరికి పోయి నేర్వనక్కరలేదు. ఎర్రనేల చెలక యేదైనను చాలును.

పక్షులును పురుగులును ఓపికను పరీక్షించునవి. కదలని విషయము కావలెనన్నచో ఖాజాగూడ గుట్టలు ఉన్నవి. ఇన్నూట యేబది కోట్ల యేండ్ల నాటి గ్రానైటు రాళ్లవి; ఇట్టివాటిని కాపాడుటకు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడినది. మిట్టమధ్యాహ్నము చదునుగా తోచు రాయి, సాయంకాలపు ప్రక్కవెలుగులో తన గరుకుదనమంతయు చూపును.

తీసినవాటిని ఫోనులో వ్రేలితో త్రోసివేయుచు చూచుట వలన కన్ను తేరదు. మాదాపూరులోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో, 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ సందర్భమున గోడలకెక్కు పెద్ద అచ్చుల నెదుట పావుగంట నిలిచి చూచుట దానికంటె ఎక్కువ నేర్పును. తన చిత్రమునొకదానిని గూడ ఏడాది కొకసారియైన పెద్దదిగా అచ్చువేయించి గోడకు తగిలించి చూచువాడు, దానిలో తనకు విసుగు పుట్టించునదేదో వారము తిరుగకమునుపే తెలిసికొనును.

నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు వలసపక్షులు ఉండు కాలము. నిజాంపేటనుండి అమీన్‌పూరునకు ఆదివారము తెల్లవారుజామున అరగంట పట్టదు. సూర్యుడు వీపు వెనుక నుండునట్లు తూర్పుగట్టున నిలువుడు, ఒకే లెన్సు తీసికొని పొండు, ఆ యుదయమంతయు ఒక్క షట్టరు వేగమునే మార్చి చూడుడు. అపెర్చరు సంగతి మరుసటి వారము చూచుకొనవచ్చును.