అద్దకం నుండి ఆధునిక చిత్రానికి: కోరమాండల్ తీర నేపథ్యంలో చోళమండల్ కళాసంగ్రహాలయ దర్శనం

వ్యాససంగ్రహం

చెన్నై నగరానికి దక్షిణంగా, ఇంజంబాక్కం సముద్రతీరంలో ఉన్న చోళమండల్ కళాగ్రామ సంగ్రహాలయం దక్షిణ భారత ఆధునిక కళాచరిత్రకు ముఖ్యమైన ఆధారం. నెల్లూరు తీరంతో ముడిపడిన వస్త్రవర్తక చరిత్ర వెలుగులో చూసినప్పుడు అక్కడి చిత్రాలు, శిల్పాలు మరింత సులభంగా బోధపడతాయని ఈ వ్యాసం వివరిస్తుంది. చేతివృత్తి ఈ ఆధునిక కళకు ఆర్థికంగానూ, రూపపరంగానూ పునాదిగా నిలిచిన తీరును పరిశీలించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: చోళమండల్, మద్రాసు కళోద్యమం, కె.సి.ఎస్. పణికర్, బాతిక్, కలంకారీ, నెల్లూరు తీరం.

1. ఉపోద్ఘాతం

ఆధునిక కళాసంగ్రహాలయంలో అడుగుపెట్టిన సామాన్య ప్రేక్షకునికి తొలుత కలిగే సందేహం "ఇది దేని బొమ్మ?" అన్నది. గుడి గోడమీది చిత్రానికీ, తోలుబొమ్మకూ కథ తోడుగా ఉంటుంది. ఆధునిక చిత్రానికి చాలాసార్లు ఆ తోడు ఉండదు. కథ దొరకని ప్రేక్షకుడు క్షణకాలం నిలిచి ముందుకు సాగిపోతాడు. అటువంటి చోట "ఇది ఎలా తయారయింది? దీనిలో ఏ చేతిపని ఉంది?" అన్న ప్రశ్నలు ఎక్కువగా ఉపకరిస్తాయి. నెల్లూరు పరిసరాల నుండి వెళ్లే తెలుగు ప్రేక్షకునికి ఈ ప్రశ్నలు పరాయివి కావు. వెంకటగిరి నేత, శ్రీకాళహస్తి కలంకారీ అతనికి పొరుగున ఉన్న విద్యలే.

2. తీరమూ, వస్త్రమూ

"చోళమండలం" అన్న మాటే ఐరోపావారి నోట "కోరమాండల్" అయిందని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. నెల్లూరు తీరం ఈ కోరమాండల్‌లో భాగం. 17వ శతాబ్దిలో ఐరోపా వర్తకులను ఈ తీరానికి రప్పించిన ప్రధాన సరుకు రంగుల అద్దకపు నూలు వస్త్రం. డచ్చివారు పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోటను నిర్మించారు. ఆంగ్లేయులు 1626లో దుగరాజపట్నం వద్ద స్థావరం ఏర్పరచుకొని దానిని ఆర్మగాన్ అని వ్యవహరించారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే, వస్త్రవర్తకానికి మరింత అనువైన చోటు వెదకుతూ దక్షిణానికి వెళ్లి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని నుండి మద్రాసులో స్థలానికి అనుమతి పొందాడు. అంటే మద్రాసు నగరం పుట్టుకకు నెల్లూరు తీరంలోని ఒక చిన్న రేవు, అక్కడ సాగిన బట్టల బేరం పూర్వరంగంగా నిలిచాయి.

ఆ వస్త్రాల తయారీ ఓర్పుతో కూడిన పని. బట్టను కరక్కాయ రసం, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీటిలో ఊరవేసి చేసిన నల్లని ద్రవంతో కలంపట్టి గీతలు గీస్తారు. ఎరుపు పట్టడానికి పటిక వాడతారు. పూర్వం నీలిమందులో ముంచేటప్పుడు నీలం అంటకూడని చోట్ల మైనం పూసేవారు. ఈ మైనపు పద్ధతి తరువాతి చర్చకు కీలకం.

3. కళాశాల నుండి కళాగ్రామానికి

1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో కళాశాలను స్థాపించాడు. తరువాత ప్రభుత్వం దానిని స్వీకరించి పారిశ్రామిక కళల పాఠశాలగా నడిపింది. కాబట్టి చేతివృత్తులతో సంబంధం ఆ సంస్థకు ఆది నుండీ ఉంది. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి, 1957లో కె.సి.ఎస్. పణికర్ దానికి సారథులయ్యారు. లలితకళను ప్రధాన విద్యగా నిలిపిన ఘనత వీరి కాలానిది.

అయితే చదువు ముగించిన చిత్రకారునికి జీవనోపాధి దొరకడం కష్టంగా ఉండేది. చిత్రాలు కొనేవారు అరుదు. పణికర్, ఆయన శిష్యులు దీనికొక ఉపాయం ఆలోచించారు. బాతిక్ వస్త్రాలు, తోలు, లోహపు వస్తువులు తయారుచేసి అమ్మారు. ఆ ఆదాయంతో 1966లో ఇంజంబాక్కం వద్ద, నాటికి జనసంచారం అంతగా లేని ఇసుకనేలలో సుమారు 10 ఎకరాలు కొని చోళమండల్ కళాగ్రామాన్ని స్థాపించారు.

బాతిక్‌లోనూ రంగు అంటకూడని భాగాలను మైనమే కాపాడుతుంది. ఇదే తీరపు పాత అద్దకంలో నీలిని ఆపిన పదార్థం, 20వ శతాబ్దిలో చిత్రకారులకు ఇంటిస్థలం సంపాదించి పెట్టింది. జమీందారు పోషణపైనా, ప్రభుత్వ గ్రాంటుపైనా ఆధారపడకుండా పగటి చేతిపనితో తమ చిత్రరచనా స్వేచ్ఛను కాపాడుకోవడం వారి ప్రయోగంలోని విశేషం.

4. సంగ్రహాలయంలో గమనించదగినవి

కళాగ్రామంలో 2009లో ప్రారంభమైన సమకాలీన కళాకేంద్రంలో మద్రాసు కళోద్యమానికి సంబంధించిన సంగ్రహాలయం ఉంది. ఆరుబయట శిల్పోద్యానం ఉంది.

4.1 చదవరాని అక్షరాలు: పణికర్ 1963 నుండి "పదాలు, సంకేతాలు" అనే చిత్రశ్రేణిని రచించారు. వాటిలో జాతకచక్రాల వంటి గడులు, లెక్కలు, లిపిని పోలిన వరుసలు కనిపిస్తాయి. ప్రేక్షకుడు వాటిని చదవబోయి విఫలుడవుతాడు. ఆ వైఫల్యం చిత్రకారుడు కోరినదే. అర్థం తొలగిపోయినప్పుడు అక్షరం గీతగా మిగులుతుంది. తాళపత్రాన్నో, పాత పంచాంగాన్నో చూసి లిపి సొంపును అనుభవించినవారికి ఈ చిత్రాలు దూరమైనవి కావు.

4.2 రేకు శిల్పాలు: పి.వి. జానకిరామ్ రాగిరేకును సుత్తితో సాగగొట్టి, దానిపై తీగలను అతికి శిల్పాలు చేశారు. ఎస్. నందగోపాల్ రాగి, ఇత్తడి వంటి లోహాలను అతికి రూపాలు నిర్మించారు. ఈ శిల్పాలు ప్రధానంగా ఎదుటి నుండి చూడవలసినవి. దేవతామూర్తికి తొడిగే లోహకవచాన్ని స్మరిస్తే ఈ "ఎదుటి చూపు" ఎక్కడిదో తెలుస్తుంది. కవచం చేసే కంసాలి పనితనం ఇక్కడ స్వతంత్ర శిల్పభాషగా మారింది.

4.3 తెలుగువారి భాగస్వామ్యం: 1953 వరకు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. మద్రాసు కళాశాల తెలుగు విద్యార్థులకూ విద్యాలయమే. దేవతారూపాలను గీతల అల్లికగా మలచిన ఎం. రెడ్డెప్ప నాయుడు, జానపద సంప్రదాయం నుండి శైలిని రూపొందించుకొన్న కె. శ్రీనివాసులు, గుడివాడలో పుట్టి మద్రాసులో చదివి లండన్‌లోని స్లేడ్ కళాశాలకు వెళ్లిన ఎస్.వి. రామారావు ఈ విద్యాపరంపరకు చెందినవారు. మద్రాసు ఉద్యమాన్ని పొరుగు రాష్ట్రపు చరిత్రగా మాత్రమే చూస్తే తెలుగువారి ఆధునిక కళాచరిత్రలో ఒక ప్రధానాధ్యాయం విడిపోతుంది.

5. ముగింపు

ఆధునిక కళ పడమటి దేశాల నుండి దిగుమతి అయిందనీ, చేతివృత్తి గతకాలపు అవశేషమనీ భావించడం వాడుక. చోళమండల్ చరిత్ర ఈ రెండు భావనలనూ సవరిస్తుంది. అక్కడి కళాకారులు పాశ్చాత్య ప్రయోగాలను తెలుసుకొని కూడా, రూపానికి ఆధారాన్ని జాతకపత్రంలో, గుడికవచంలో, జానపద గీతలో వెదికారు. నివాసానికి ఆధారాన్ని అద్దకపు బట్టలో పొందారు.

నేటి కలంకారీ కళాకారుడు గీసేది "హస్తకళ", చదువుకున్న చిత్రకారుడు గీసేది "కళ" అన్న విభజన ధరలోనూ, గౌరవంలోనూ కొనసాగుతూనే ఉంది. ఇంజంబాక్కం సంగ్రహాలయం ఆ విభజనను మళ్లీ పరిశీలించమంటుంది. దుగరాజపట్నం రేవు నుండి ఒకనాడు బట్టల కోసం దక్షిణానికి సాగిన దారిలోనే నెల్లూరు ప్రేక్షకుడు నేడు అక్కడికి చేరుతాడు. చిత్రం ముందు నిలిచి కథ కోసం కాక చేతి కోసం వెదికితే, శ్రీకాళహస్తిలో కలం పట్టిన చేతికీ, పణికర్ చేతికీ మధ్య ఉన్న దగ్గరితనం అతనికి కనిపిస్తుంది.