పట్టాల సగటు చెప్పని నిజం

1928లో వేసిన కాకినాడ-కోటిపల్లి పట్టాలను యుద్ధ అవసరాలకని 1940లో పీకేశారు. 2004లో అక్కడికి మళ్ళీ రైలొచ్చింది. గౌతమి దాటి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్ళాల్సిన మార్గం 2024 నాటికీ పూర్తికాలేదు. వేశాక మాత్రం? మన డెల్టా బంకమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది.

పట్టాల ఎత్తుపల్లాలను కొలిచే బండి ఒకటుంది. దాని లెక్కలు ఇలా వచ్చాయనుకోండి. ఒకచోట మిల్లీమీటర్లలో +1, -1, +1, -1. మరోచోట +6, -6, +6, -6. రెండింటి సగటూ సున్నే! (తరగతి సగటు చూసి మురిసిపోయే మా మాస్టార్లకూ ఇది వర్తిస్తుంది.) అందుకని ఇంజనీర్లు సగటును కాక, కొలతలు దానికి ఎంత దూరంగా చెదిరాయో చూస్తారు. అదే ప్రామాణిక విచలనం: మొదటిచోట 1, రెండోచోట 6.

చెదురు హద్దు దాటినచోటే యంత్రంతో పట్టా ఎత్తి, కింద కంకర కుక్కిస్తారు. అంతటా కుక్కితే ఖర్చు సరే, కంకర అంచులు ప్రతిసారీ నలిగి పొడవుతాయి. ఆ పొడి నీటిని నిలిపేస్తుంది. పట్టా ఇంకా త్వరగా కుంగుతుంది.